పారమ్మ నాచుమడి

అనగనగా అంటే, మీ తాతగారి తాత కూడా ఇంకా కళ్ళు తెరవని కాలం. ఆ కాలంలో, పొద్దు సముద్రంలోంచి లేచి నేరుగా ఇళ్ళ గుమ్మాల్లోకి వచ్చే ఒక తీరాన, గవ్వలపేట అనే చిన్న పల్లె ఉండేది.

పల్లె ముందర ఒక మడుగు. మూడు వైపులా నల్లరాళ్ళు అడ్డు నిలవడం వల్ల అక్కడికి వచ్చేసరికి అలలు మెత్తబడేవి. నడుములోతు నీళ్ళు, అద్దంలా నిలకడగా ఉండేవి. ఆ రాళ్ళ నిండా నాచు పెరిగేది. చెరువుమెట్ల మీద జారే నాచు కాదది. ముదురు ఎరుపు రంగులో, కొమ్మలు కొమ్మలుగా, విరిస్తే చిటుక్కుమనే సముద్రపు నాచు.

మగవాళ్ళు చేపల వేటకు పోతే ఆడవాళ్ళు నాచు ఏరేవారు. ఎండబెట్టి, మోపులు కట్టి, పున్నమికి పున్నమికి వచ్చే ఓడకు అందించేవారు. ఆ ఓడ చిదంబరయ్య అనే వర్తకుడిది. నాచు అక్కడి నుంచి రాజధానికి పోయేది. రాజుగారి వంటశాలలో దాన్ని ఉడికించి, వడగట్టి, పాలూ బెల్లమూ కలిపి చల్లారబెడితే జున్నులా గడ్డకట్టేది. ఆ చల్లని ముక్క నోట్లో వేసుకోనిదే వేసవిలో రాజుగారు సభకే వచ్చేవారు కాదట!

రాజు తిన్నది మంత్రి తినాలి కదా. మంత్రి తిన్నది నగరమంతా తినాలి కదా. చిదంబరయ్య ఓడ పెద్దదయింది. "ఇంకా తెండి, ఇంకా తెండి" అన్నాడు. ఆడవాళ్ళు మొదట కొసలు తుంచేవారు. తరువాత కొమ్మలు విరిచారు. చివరికి వేళ్ళతో సహా పీకారు.

నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ రాళ్ళు బొచ్చు పీకిన కోళ్ళలా తయారయ్యాయి. నాచు నీడన దాక్కునే చేపపిల్లలు కూడా వేరే చోటు వెతుక్కుంటూ వెళ్ళిపోయాయి. రెండు పున్నములు ఓడ తీరాన ఆగకుండానే సాగిపోయింది. గవ్వలపేటలో రోజుకొక పూట పొయ్యి వెలిగితే అదే గొప్ప.

ఆ పల్లెలో పారమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమె భర్త పోలయ్య. ఒకప్పుడు పోలయ్య వల విసిరితే చూడడానికి జనం ఒడ్డున నిలబడేవారు. కానీ పక్కన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండముక్కు అవతల దిబ్బలపాలెం అనే మరో పల్లె ఉంది. వేట హద్దుల కోసం రెండు పల్లెలకూ గొడవ వచ్చి, ఆ కొట్లాటలో దిబ్బలపాలెం మనిషి ఒకడు తెడ్డుతో కొడితే పోలయ్య కుడి భుజం విరిగింది. ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. అప్పటి నుంచి అతను గుమ్మంలో కూర్చుని కొబ్బరిపీచుతో తాళ్ళు పేనుతూ బతుకుతున్నాడు. రెండు పల్లెలకూ మాటలు లేవు.

ఒకనాటి ఉదయం పారమ్మ ఖాళీ గంపతో రాళ్ళన్నీ వెతికి వెతికి అలసిపోయింది. తిరిగి వస్తుంటే రెండు రాళ్ళ మధ్య చిక్కుకున్న పాత తాడుముక్క ఒకటి కాలికి తగిలింది. తీసి చూసింది. తాడు పురిలో ఎలాగో ఇరుక్కుపోయిన నాచు తుంట ఒకటి, ఏ రాయినీ పట్టుకోకుండానే, జానెడు పెరిగి ఉంది!

ఆమె తడిచీరతోనే పరుగున ఇంటికి వచ్చింది.

"మావా! మావా! ఇది చూడు. రాయి లేకపోయినా ఇది బతికింది."

పోలయ్య తలెత్తకుండానే అన్నాడు. "బతికితే?"

"నువ్వు తాళ్ళు పేను. నేను వాటికి నాచు కడతాను. వరి నాటినట్టు నాటుదాం."

"సముద్రంలోనా? గట్టు లేదు, మన్ను లేదు. ఆ పొలానికి కాపలా ఎవరు?"

"నేనే" అంది పారమ్మ.

పోలయ్య పెదవి విరిచాడు. అయినా ఆ మధ్యాహ్నమే కొత్త పీచు నానబెట్టాడు.

నాలుగు వెదురుగడలు చదరంగా కట్టి పారమ్మ ఒక తెప్ప చేసింది. దానికి అడ్డంగా తాళ్ళు బిగించింది. తాడు పురి కొంచెం విప్పి, ఆ సందులో వేలెడంత నాచుముక్క దూర్చి, పురి వదిలేస్తే తాడే దాన్ని గట్టిగా పట్టుకునేది. అలా రాళ్ళ సందుల్లో మిగిలిన ముక్కలన్నీ ఏరి ఏరి కట్టి, తెప్పను మడుగులో తేలవేసి, బరువుకు రాళ్ళు దించింది.

పోలయ్య చెల్లెలు కాసులమ్మ ఒడ్డున నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆమె నోటికి పల్లెలో అందరూ జడిసేవారు.

"ఏంటి వదినా, సముద్రానికి ఉయ్యాల కడుతున్నావా? బారసాల ఎప్పుడు?"

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. పారమ్మ కూడా నవ్వేసింది. కానీ పని ఆపలేదు.

పదిరోజులు గడిచాయి. వెళ్ళి చూస్తే తాళ్ళు బోసిగా ఉన్నాయి. నాచు మేసే చేపలు కింద నుంచి వచ్చి, మేకలు మడిలో పడ్డట్టు మేసిపోయాయి. మూలన గుప్పెడు మిగిలింది. పారమ్మ ఆ గుప్పెడే ముక్కలు చేసి మళ్ళీ కట్టింది. ఈసారి తెప్ప అడుగున పాత వల పరిచి కుట్టింది.

చేపలు రాలేదు. నాచు జానెడు లేచింది. అంతలో వానలు పడ్డాయి. తెప్ప, కొండవాగైన గెడ్డ వచ్చి కలిసే చోటికి దగ్గరగా ఉంది. గెడ్డ పొంగి మంచినీళ్ళు మడుగులోకి దూకాయి. ఉప్పునీటి మొక్కకు మంచినీళ్ళు గిట్టవు. మూడు రోజుల్లో నాచంతా పాలిపోయి, చేత్తో ముడితే జిగురులా జారిపోయింది. ఈసారి మిగిలింది గుప్పెడు కూడా కాదు.

ఆ రోజు పారమ్మ ఒడ్డున కూలబడి ఏడ్చింది. పోలయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఇలా అన్నాడు. "నేను వేటకెళ్ళినప్పుడు గెడ్డనీళ్ళు ఎటు పారతాయో చూసేవాణ్ణి. ఆ దక్షిణపు రాళ్ళ పక్కకు అవి ఎన్నడూ రావు. తెప్ప అక్కడికి జరుపు."

పారమ్మ కళ్ళు తుడుచుకుంది. మూడోసారి తెప్ప దక్షిణపు రాళ్ళ పక్కన వేసింది. రోజూ నీళ్ళలో దిగి, తాళ్ళకు పట్టిన మురికిని పసిపిల్లకు తల కడిగినట్టు కడిగింది. ఒక నెల, ఆపైన పదిహేను రోజులు ఓపిక పట్టింది.

ఈసారి వేలెడంత ముక్క కట్టిన చోట గంపెడు నాచు గుబురుగా ఊగుతోంది! తాళ్ళు బరువుకు కిందికి వంగిపోయాయి. పారమ్మ నీళ్ళలో నిలబడి "మావా!" అని ఒక్క కేక వేస్తే, ఒడ్డున వలలు ఆరవేసుకునేవాళ్ళందరూ పరిగెత్తుకొచ్చారు.

కోసినదాంట్లో ముందుగా విత్తుకు కావలసిన లేతకొమ్మలు తీసి పక్కన పెట్టింది. మిగిలినది ఇసుక అంటకుండా వెదురుపందిరి మీద ఎండబెట్టింది. పున్నమికి చిదంబరయ్య ఓడ ఆగింది. అతను ఒక కొమ్మ నోట్లో వేసుకుని నమిలి, కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇసుక లేదు, చెత్త లేదు. ఇంత శుభ్రమైన సరుకు నేను ఎక్కడా చూడలేదు. ఎక్కడ దొరికింది పారమ్మా?"

"దొరకలేదయ్యా. పండించాను."

చిదంబరయ్య మెల్లగా గొంతు తగ్గించాడు. "అయితే ఒక మాట విను. ఈ కిటుకు ఎవరికీ చెప్పకు. విత్తు ఎవరికీ ఇవ్వకు. విత్తు ఎవరి చేతిలో ఉంటే మడుగు వాళ్ళది. ఏడాది తిరిగేసరికి నీకు పెంకుటిల్లు లేస్తుంది."

పెంకుటిల్లంటే పారమ్మకూ ఆశే. వానాకాలంలో తాటాకు కప్పు ఎన్నిచోట్ల కారేదో ఆమెకే తెలుసు. "ఆలోచిస్తానయ్యా" అని ఇంటికి వచ్చింది.

మరునాడు పొద్దున్నే గుమ్మంలో కాసులమ్మ నిలబడి ఉంది. పెదవి మీద ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"వదినా, ఆ రోజు నిన్ను ఎగతాళి చేశాను. ఇంట్లో ఇద్దరు పసివాళ్ళు ఉన్నారు. నాకు రెండు కొమ్మలు..."

మాట పూర్తి కాకముందే పారమ్మ లేచి బుట్ట తెచ్చింది. "ఏదీ, తాడు తెచ్చుకున్నావా? లేకపోతే మీ అన్ననడుగు."

ఆ వారంలోనే సన్నాసమ్మ అనే ముసలావిడ కర్ర ఊనుకుంటూ వచ్చింది. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు. లోతునీళ్ళలో దిగే ఓపికా లేదు. పారమ్మ ఆమె కోసం మోకాలిలోతులో ఒక తాడు కట్టి ఇచ్చింది. "పిన్నీ, పోటు తగ్గినప్పుడు వచ్చి కడుక్కో. కోత రోజున నేను వస్తాను."

అలా చూస్తుండగానే మడుగులో ముప్పై తెప్పలు తేలాయి.

ఆ తరువాత అడగడానికి వచ్చినావిడను చూసి మాత్రం పల్లెంతా పనులు ఆపి గుమ్మాల్లోకి వచ్చింది. ఆమె గంగాలు. దిబ్బలపాలెం మనిషి. కొండముక్కు మీదుగా ఎండలో నడిచి వచ్చింది. ఇసుకలో గంప దించి, నిలబడే అడిగింది.

"అప్పా, మా రాళ్ళు కూడా బోడి అయిపోయాయి. మీరు ఏదో నాటుతున్నారని విన్నాం. ఇవ్వనంటే తిట్టకుండా పంపించు, చాలు. తిట్టు తినే ఓపిక కూడా లేదు."

గుమ్మంలో కూర్చున్న పోలయ్య పేనుతున్న తాడును కింద పడేసి లోపలికి వెళ్ళిపోయాడు. పారమ్మ అతని వెనకే వెళ్ళింది.

"ఇస్తావా?" అన్నాడు పోలయ్య గోడవైపు తిరిగి. "ఈ చేత్తో అన్నం కలుపుకుని తిని ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. అది చేసినవాళ్ళకు ఇస్తావా?"

"తెలుసు మావా. నీ భుజానికి నూనె రాసేది నేనే కదా." అంది పారమ్మ. "కానీ ఆవిడ గంప చూశాను. అడుగున తడి ఇసుక తప్ప ఏమీ లేదు. పోయినేడు నా గంప కూడా అంతే. అలాంటి గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి రావడమంటే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. తెలిసి కూడా లేదనలేను."



పారమ్మ బయటకు వచ్చింది. కొత్త తాడు అడగడానికి మనసొప్పక, తన తెప్పకున్న పాతతాడు ఒకటి విప్పి, విత్తుకొమ్మలు తడిగోనెలో చుట్టి గంగాలు గంపలో పెట్టింది. చేపలకు వల ఎలా కుట్టాలో, మంచినీళ్ళు రాని చోటు ఎలా చూసుకోవాలో విడమరిచి చెప్పింది. గంగాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుని గంప ఎత్తుకుంది.

ఆమె నాలుగు అడుగులు వేసేసరికి వెనక నుంచి ఒక తాడుచుట్ట వచ్చి పారమ్మ కాళ్ళ దగ్గర పడింది.

"ఆ పాతది నెల తిరక్కుండా తెగుతుంది. ఇది పట్టుకెళ్ళమను" అన్నాడు పోలయ్య గుమ్మంలోంచి. "నేనిచ్చానని మాత్రం చెప్పకు."

ఈ సంగతి తెలిసి చిదంబరయ్య తల కొట్టుకున్నాడు. "చేతికొచ్చిన మడుగును చేజేతులా పంచిపెట్టావు కదమ్మా! నీ అంత అమాయకురాలు ఇంకొకరుండరు."

"ఒక్కదాన్ని ఎంతని కోస్తానయ్యా?" అంది పారమ్మ. "నీ ఓడ నిండుతోంది కదా. నిండనీ."

రెండేళ్ళు హాయిగా గడిచాయి. పెంకుటిల్లు లేవలేదు కానీ, పారమ్మ కప్పుకు కొత్త తాటాకు పడింది. కాసులమ్మ పిల్లలు బొద్దుగా తయారయ్యారు. సన్నాసమ్మ తన ఒక్క తాడు నాచుతోనే ఏటా ఒక కొత్తచీర కట్టింది.

మూడో ఏడు ఎండలు వచ్చాయి. అలాంటి ఎండలు ఎవరూ ఎరగరు. గాలి స్తంభించింది. అద్దంలాంటి మడుగే ఇప్పుడు శాపమైంది. నిలకడగా ఉన్న నీళ్ళు పొయ్యి మీది గంజిలా వేడెక్కాయి. ముందు కాసులమ్మ తెప్పలో నాచు కొసలు తెల్లబడ్డాయి. మరునాటికి అందరివీ. తెల్లబడ్డ చోటల్లా పుటుక్కున విరిగి కొట్టుకుపోయాయి. పారమ్మ రాత్రనక పగలనక నీళ్ళలోనే నిలబడి, తెప్పను లోతుకు లాగి చూసింది, తాళ్ళు దించి చూసింది. ఏమీ లాభం లేకపోయింది. వారం రోజుల్లో ముప్పై తెప్పల మీదా విత్తుకు వేలెడంత ముక్క కూడా మిగలలేదు.

"ఇంక మిగిలింది దిబ్బలపాలెమే" అంది సన్నాసమ్మ. "కొండముక్కు అవతల గాలి ఉంటుంది, చలవనీళ్ళు తిరుగుతాయి. వాళ్ళది బతికి ఉంటుంది."

"ఉంటే మాత్రం?" కాసులమ్మ నిట్టూర్చింది. "నిన్న చిదంబరయ్య ఓడ అటే పోయింది. పట్టుబట్టల మూట వేసుకుని పోయాడట. విత్తంతా తనకే ఇమ్మని అడుగుతాడు. ఆపైన మనం అతని గుమ్మం దగ్గర నిలబడాలి."

పారమ్మ గంప తీసుకుంది. పోలయ్య కర్ర తీసుకున్నాడు.

"నువ్వెందుకు మావా?"

"ఎండలో ఒక్కదానివే పోతావా?" అన్నాడు. పదేళ్ళ తరువాత అతను ఆ దారి తొక్కడం అదే మొదలు.

వాళ్ళు దిబ్బలపాలెం చేరేసరికి తీరమంతా జనం. చిదంబరయ్య పట్టుబట్టలు తాటాకుచాప మీద పరిచి చెప్తున్నాడు.

"గవ్వలపేట మడుగు ఎండిపోయినట్టే. విత్తు మీ దగ్గరే మిగిలింది. మొత్తం నాకివ్వండి. ఇంటికొక పట్టుచీర. ఇకపైన ఏటా మీ సరుకే ముందు కొంటాను. మీకు దెబ్బలాటలు తెచ్చినవాళ్ళే కదా వాళ్ళు! వాళ్ళకోసం మీరెందుకు ఆలోచించాలి?"

అప్పుడు జనంలోంచి ఒక మనిషి ముందుకు వచ్చాడు. గడ్డం నెరిసిపోయింది. ఆయన గంగాలు భర్త సత్తెయ్య. చేతిలో తడిసిన తాడు ఒకటి ఉంది. దాన్నిండా ఎర్రటి నాచు వేలాడుతోంది.

"అయ్యా వర్తకుడా, ఈ తాడు చూడు" అన్నాడు. "తాళ్ళన్నీ కుడిపక్కకు తిరుగుతాయి. ఇది ఎడమపక్కకు తిరిగింది. కుడిభుజం లేవనివాడు పేనిన తాడు ఇది. ఆ భుజం విరగ్గొట్టిన తెడ్డు నాది. మూడేళ్ళుగా పొద్దున్నే నీళ్ళలో దిగి దీన్ని కడుగుతున్నాను. కడిగిన ప్రతిసారీ సిగ్గుతో చస్తున్నాను. ఇవాళ దీన్ని నీకు అమ్ముకుంటే, ఇక ఏ నీళ్ళతో కడుక్కోను?"

అప్పుడు గంగాలు వెనక్కి తిరిగి, దారిలో నిలబడిన ఇద్దరినీ చూసింది.

"అప్పా! ఎంతసేపయింది మీరొచ్చి? పడవ నింపి సాయంకాలానికి మేమే వద్దామనుకున్నాం. మధ్యలో ఈయన వచ్చి కూర్చున్నాడు."

పారమ్మ ఖాళీ గంపను ఇసుకలో పెట్టి రెండు చేతులూ జోడించింది.

సత్తెయ్య పోలయ్య ఎదుటకు వచ్చి తలదించుకున్నాడు. పోలయ్య అతన్ని చాలాసేపు చూశాడు. గవ్వలపేట నుంచి వచ్చేటప్పుడు దారిపొడవునా అనుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. అవేవీ నోటికి రాలేదు. చెయ్యి చాచి ఆ తాడు అందుకుని, కొసను వేళ్ళతో నలిపి చూశాడు.

"మూడేళ్ళుగా నీళ్ళలో ఉందా?"

"ఉంది బావా."

"ఇంకో ఏడాది ఆగుతుంది. తరువాత కబురు పెట్టు. కొత్తది పేనిస్తాను."

సత్తెయ్య అలాగే నిలబడి భోరుమన్నాడు.

చిదంబరయ్య తన బట్టలు మడతపెట్టుకున్నాడు. లాభం చూసినవాడే కానీ మరీ రాయి గుండె మనిషి కాదు. కాసేపు ఓడ దగ్గర అటూ ఇటూ తిరిగి, పారమ్మ దగ్గరకు వచ్చాడు. "ఆ పడవ చిన్నది. ఈ ఎండకు కొమ్మలు వాడిపోతాయి. నా ఓడలో నీటితొట్లు ఉన్నాయి. అందులో వేసి తీసుకుపోదాం" అన్నాడు.

"మరి అద్దెకు పట్టుబట్టలు మా దగ్గర లేవయ్యా" అంది గంగాలు. అందరూ నవ్వారు. చిదంబరయ్య కూడా నవ్వాడు.

చల్లగాలులు తిరిగాక గవ్వలపేట మడుగులో మళ్ళీ తెప్పలు తేలాయి. ఈసారి కొన్ని లోతునీళ్ళలో, కొన్ని రాళ్ళ నీడన, కొన్ని కొండముక్కు దగ్గర గాలి తగిలే చోట వేశారు. రెండు పల్లెలూ కలిసి కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నాయి. ప్రతి కోతకూ ఒక తాడును కొయ్యకుండా వదిలి పక్కపల్లెకు ఇవ్వాలి. వాళ్ళకు అవసరం ఉన్నా సరే, లేకపోయినా సరే. రాళ్ళ మీద నాచును మాత్రం ఎవరూ ముట్టుకోరాదు.

ఆ కట్టుబాటు చెప్పిన నాడు కాసులమ్మ పెట్టిన ఒకే ఒక్క షరతు ఏమిటంటే, నాచు ఇచ్చిపుచ్చుకునే రోజున దిబ్బలపాలెం వాళ్ళు చేపలపులుసు కూడా తేవాలి. వాళ్ళ పులుసు రుచి గవ్వలపేటలో కుదరదని అప్పటికే ఆమె కనిపెట్టేసింది.

రెండేళ్ళకు రాళ్ళ మీద మళ్ళీ ఎరుపు కమ్ముకుంది. తెప్పల కింది నీడలోకి చేపపిల్లలు గుంపులు గుంపులుగా వచ్చాయి. పొద్దున్నే ఆడవాళ్ళు నడుములోతు నీళ్ళలో నిలబడి, పాటలు పాడుకుంటూ నాచు కడుగుతుంటే, ఆ చేపపిల్లలు వాళ్ళ కాళ్ళ చుట్టూ తిరిగి చక్కిలిగింతలు పెట్టేవట.

కాబట్టి పిల్లలూ, మనకు బతుకుదెరువైనదాన్ని నలుగురితో పంచుకుంటే అది తరిగిపోదు. మన చేతిలోది పోయిన రోజున కూడా ఇంకొకరి చేతిలో అది మనకోసం బతికే ఉంటుంది.